జీవో, మెమో, ముసాయిదా: కళాశాల సిబ్బంది చదవవలసిన తీరు

విశాఖపట్నంలోని ఒక డిగ్రీ కళాశాలలో సిబ్బంది సర్వీసు వ్యవహారాలు చూసే ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్‌లో పనిచేస్తున్నవాడిగా నేను తరచు గమనించే సంగతి ఒకటుంది. బోధన సిబ్బంది అయినా, బోధనేతర సిబ్బంది అయినా, తమ ఉద్యోగానికి సంబంధించిన నిబంధనలను అసలు ఉత్తర్వులో చదివేవారు చాలా తక్కువ. ఎక్కువమందికి అవి వాట్సాప్ సందేశాలుగా, పత్రికల శీర్షికలుగా, స్టాఫ్‌రూమ్ మాటలుగా అందుతాయి. అలా అందిన కబురులో ఉత్తర్వు సంఖ్య ఉండదు, ఎప్పటి నుంచి అమలో ఉండదు, ఒక్కోసారి ఏ రాష్ట్రానికి సంబంధించినదో కూడా ఉండదు.

2025 జనవరి చివర తెలంగాణ ప్రభుత్వం తన విశ్వవిద్యాలయాల్లో యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) వేతన స్కేళ్లలో ఉన్న రెగ్యులర్ అధ్యాపకుల పదవీ విరమణ వయసును 60 నుంచి 65 ఏళ్లకు పెంచింది. ఆ ఉత్తర్వు మొదటి పేజీ ఫొటో ఒకటి ఇక్కడ మన ఫోన్లలోనూ తిరిగింది. “ఏటండీ సార్, మనకీ అరవై అయిదేనా?” అని మా సీనియర్ అసిస్టెంట్ ఎంతో ఆశగా అడిగారు. ఆ కాగితం వేరే రాష్ట్రానిది, అందులోనూ విశ్వవిద్యాలయాలకు మాత్రమే పరిమితమైనది, అక్కడ కూడా బోధన సిబ్బందికి మాత్రమే వర్తించేది. మూడు విధాలుగానూ ఆయనకు సంబంధం లేని ఉత్తర్వది. అయినా ఆ పేజీలో ఉన్న ‘65’ అనే అంకె ఆయన కంటికి ఆనినంతగా మిగిలిన పదాలేవీ ఆనలేదు. ఇందులో ఆయన తప్పేమీ లేదు, ఉత్తర్వును ఎలా చదవాలో ఉద్యోగంలో చేరిన రోజున ఎవరికీ ఎవరూ చెప్పరు. ఈ మధ్య మా సహోద్యోగులు పదేపదే అడిగిన విషయాలను తీసుకుని, వాటి మూల పత్రాలు ఏమంటున్నాయో ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా కాగితం స్వరూపం గురించి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ఉత్తర్వులో పైన అబ్‌స్ట్రాక్ట్ పేరుతో రెండు మూడు పంక్తుల సారాంశం ఉంటుంది. ఆ తరువాత సంఖ్య, తేదీ, దాని కింద అంతకుముందు ఆ విషయంపై వచ్చిన ఉత్తర్వుల జాబితా, ఆపైన నేపథ్యం చెప్పే పేరాలు, చివరలో అసలు ఆదేశం ఉంటాయి. చాలామంది సారాంశం చదివి ఆగిపోతారు. ఎవరికి, ఎప్పటి నుంచి, ఏ షరతులతో అన్న మూడూ చివరి పేరాల్లోనే ఉంటాయి కనుక, తీరిక లేనివారు ఉత్తర్వును కింద నుంచి పైకి చదవడం మంచిదని నా అభిప్రాయం. సంఖ్యకు ముందు ‘ఎం.ఎస్.’ అని ఉంటే అది సాధారణంగా విధానపరమైన నిర్ణయం. ‘ఆర్.టి.’ అని ఉంటే ఒక వ్యక్తికో, ఒక సంస్థకో, ఒక సందర్భానికో పరిమితమైన రోజువారీ ఉత్తర్వు. పొరుగు జిల్లా కళాశాలలో ఒక లెక్చరర్‌కు ఆర్.టి. ఉత్తర్వు ద్వారా సడలింపు ఇచ్చారని చూపించి, అదే సడలింపు తనకూ హక్కుగా రావాలని వాదించేవారు ప్రతి ఏడాదీ తారసపడతారు. మెమో అనేది అప్పటికే ఉన్న నిబంధనను వివరించగలదే కానీ మార్చలేదు. ప్రొసీడింగ్స్ అంటే కమిషనర్ గానీ, ప్రిన్సిపాల్ గానీ తనకున్న అధికారంతో ఆ నిబంధనను ఒక ఉద్యోగికి వర్తింపజేసే కాగితం. సర్వీసు రిజిస్టరులో ఎంట్రీ పడేది చాలా వరకు దాని ఆధారంగానే.

పుకార్లు ఇంతగా పెరగడానికి మరో కారణం కూడా ఉంది. 2021 ఆగస్టులో ప్రభుత్వ ఉత్తర్వులను అందరికీ కనిపించేలా జీవోల వెబ్‌సైటులో పెట్టే పద్ధతిని రాష్ట్రంలో ఆపివేశారు, తిరిగి 2024 ఆగస్టులో మొదలుపెట్టారు. ఆ మూడేళ్లలో ఒక ఉత్తర్వు నిజమా కాదా అని తేల్చుకోవాలంటే సచివాలయంలో తెలిసినవారు ఉండాలి, లేదంటే రాజమహేంద్రవరంలోని ప్రాంతీయ కార్యాలయానికి ఫోన్ చేసి అడగాలి. అలవాటు అప్పుడు చెడింది. సౌకర్యం తిరిగి వచ్చినా అలవాటు తిరిగి రాలేదు.

ఉత్తర్వులో అన్నిటికంటె ముఖ్యమైనది అమలు తేదీ. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగుల పదవీ విరమణ వయసును 60 నుంచి 62కు పెంచుతున్నట్టు ప్రకటన వెలువడింది 2022 జనవరి 7న. ఆర్డినెన్సు వచ్చింది ఆ నెలాఖరున. అమలు మాత్రం 2022 జనవరి 1 నుంచి. అంటే జనవరి నెలాఖరుకు 60 నిండి ఇంటికి వెళ్లవలసినవారు కొనసాగారు, 2021 డిసెంబరు 31న దిగిపోయినవారికి ఒక్క రోజు తేడాతో రెండేళ్ల సర్వీసు దక్కలేదు. అది న్యాయమా అన్న చర్చ వేరు. ప్రకటన తేదీ, ఉత్తర్వు తేదీ, అమలు తేదీ మూడూ వేర్వేరుగా ఉండవచ్చునని దీన్నిబట్టి తెలుసుకోవాలి. కాంట్రాక్టు ఉద్యోగుల క్రమబద్ధీకరణ కోసం 2023లో చేసిన చట్టంలో కూడా కీలకం తేదీయే. 2014 జూన్ 2, అంటే రాష్ట్ర విభజన నాటికి కాంట్రాక్టు పద్ధతిలో పనిచేస్తూ ఉండాలన్నది ఆ చట్టం పెట్టిన గీత. 2015లో చేరిన కాంట్రాక్టు లెక్చరర్‌కు క్రమబద్ధీకరణ అన్న పత్రిక శీర్షిక ఎంత తీపిగా వినిపించినా, చట్టం ఆయన గడప దాకా రాదు. అలాగే 2004 సెప్టెంబరు 1, ఆ తరువాత నియమితులైనవారు పాత పింఛను పరిధిలో కాక సీపీఎస్ (ఉద్యోగి కూడా జీతంలోంచి వాటా కట్టే పింఛను పథకం) పరిధిలోకి వస్తారు. ఒక్క నెల తేడాతో ఉద్యోగంలో చేరిన ఇద్దరు మిత్రుల వృద్ధాప్యం రెండు దారులు పట్టింది ఆ తేదీ వల్లనే.

ఇక యూజీసీ విషయానికి వస్తే గందరగోళం మరో మెట్టు పైకి వెళుతుంది. యూజీసీ నిబంధన ఢిల్లీలో అచ్చయిన రోజునే విశాఖలోని ప్రభుత్వ కళాశాలలో అమలైపోతుందని చాలామంది అనుకుంటారు. వేతనాలు, సెలవులు, విరమణ వయసు వంటి విషయాల్లో రాష్ట్ర ప్రభుత్వం దాన్ని స్వీకరిస్తూ తన ఉత్తర్వు ఇవ్వాలి. ఏడవ వేతన సంఘం ప్రకారం సవరించిన యూజీసీ స్కేళ్లు 2016 జనవరి 1 నుంచి లెక్కకు వచ్చినా, రాష్ట్రం వాటిని స్వీకరిస్తూ ఉత్తర్వు ఇచ్చింది 2019లో. అసిస్టెంట్ ప్రొఫెసర్ ప్రారంభ వేతనం 57,700 రూపాయలన్నది అప్పటి నుంచి మన జీతం బిల్లుల్లోకి వచ్చింది. యూజీసీ నిబంధనలు రాష్ట్రాలను ఎంతవరకు కట్టిపడేస్తాయన్న ప్రశ్నపై సుప్రీంకోర్టు కూడా ఎప్పుడూ ఒకే మాట చెప్పలేదు. రాష్ట్రం స్వీకరిస్తేనే తప్పనిసరి అని 2015లో ఒక కేసులో అన్నది, ఉపకులపతి నియామకానికి సంబంధించిన మరో కేసులో 2022లో యూజీసీ నిబంధనే రాష్ట్ర చట్టం కంటె పైమెట్టు అన్నది. ఈ లోతులు న్యాయవాదులకు వదిలేద్దాం. మనకు కావలసింది ఒకటే: యూజీసీ కాగితం చేతికి వచ్చినప్పుడు, దాన్ని స్వీకరించిన రాష్ట్ర ఉత్తర్వు కూడా పక్కన ఉందా లేదా అని చూసుకోవడం.

సాధారణ సెలవులే (క్యాజువల్ లీవులే) దీనికి మంచి ఉదాహరణ. 2018 యూజీసీ నిబంధనల్లో అధ్యాపకులకు విద్యా సంవత్సరానికి 8 సాధారణ సెలవులు అని ఉంది. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగికి ఏడాదికి 15 ఉన్నాయి. ప్రభుత్వ కళాశాల లెక్చరర్ సెలవు ఖాతా రాష్ట్ర నిబంధనల ప్రకారమే నడుస్తుంది కనుక ఆ 8 చూసి కంగారు పడనక్కర్లేదు.

ముసాయిదాల సంగతి ఇంకా చిక్కు. 2025 జనవరి 6న యూజీసీ అధ్యాపకుల నియామకాలు, పదోన్నతులపై కొత్త నిబంధనల ముసాయిదాను విడుదల చేసి అభిప్రాయాలు కోరింది. తొమ్మిది రకాల ‘విశేష కృషి’ అంశాల ఆధారంగా పదోన్నతులు, చదివిన సబ్జెక్టు ఒకటైనా నెట్ (జాతీయ స్థాయి అధ్యాపక అర్హత పరీక్ష) రాసిన సబ్జెక్టులో బోధించే వీలు, పరిశ్రమలలోనూ ప్రభుత్వ పాలనలోనూ ఉన్నత స్థాయిలో పనిచేసినవారికి ఉపకులపతి పదవి, ఆ ఎంపికలో కులపతికి (రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో సాధారణంగా గవర్నరుకు) ఎక్కువ పట్టు వంటి ప్రతిపాదనలు అందులో ఉన్నాయి. కేరళ, తమిళనాడు వంటి రాష్ట్రాలు గట్టిగా వ్యతిరేకించాయి. ఉపకులపతి నియామకాల్లో రాష్ట్రాల పాత్ర తగ్గడం నాకూ సబబుగా అనిపించలేదు, జీతాలిచ్చేది రాష్ట్రమైనప్పుడు ఎంపికలో దాని మాట కూడా ఉండాలి. నా అభిప్రాయం ఎలా ఉన్నా, ముసాయిదా విడుదలైన వారంలోనే “2018 నిబంధనలు రద్దయ్యాయి” అని స్టాఫ్‌రూమ్‌లో తీర్మానించేసి, తమ పదోన్నతి దరఖాస్తులను బీరువాలో పెట్టేసుకున్నవారిని చూసి మాత్రం బాధ కలిగింది. రాజపత్రంలో ప్రకటన వెలువడే వరకు ముసాయిదా అనేది చర్చకు పెట్టిన కాగితం మాత్రమే, దాన్ని చూసి దరఖాస్తు ఆపుకోవలసిన పని లేదు.

ఆ దరఖాస్తులకు ఆధారమైన 2018 నిబంధనలు ఆ సంవత్సరం జులై 18న వెలువడ్డాయి. పూర్వపు నిబంధనల్లోని ఏపీఐ (అధ్యాపకుల పనితీరు సూచికల) మార్కుల లెక్క కళాశాల అధ్యాపకులకు దీనితో చాలావరకు తేలికైంది. ఏటా మీకు కేటాయించిన తరగతుల్లో 80 శాతం, అంతకు మించి తీసుకుంటే ‘గుడ్’, 70 నుంచి 80 లోపు ఉంటే ‘సంతృప్తికరం’, 70 కంటె తగ్గితే ‘సంతృప్తికరం కాదు’ అని రాస్తారు. దానికి తోడు పరీక్షల పని, ఎన్‌సీసీ, ఎన్‌ఎస్‌ఎస్, కమిటీలు, విద్యార్థుల మార్గదర్శనం వంటి వాటిలో పాల్గొన్న తీరును చూస్తారు. అసిస్టెంట్ ప్రొఫెసర్ ప్రారంభ వేతన స్థాయి అయిన లెవెల్ 10 నుంచి 11కు వెళ్లడానికి పీహెచ్‌డీ ఉన్నవారికి నాలుగేళ్లు, ఎంఫిల్ ఉన్నవారికి ఐదేళ్లు, రెండూ లేనివారికి ఆరేళ్ల సర్వీసు కావాలి, 21 రోజుల ఓరియెంటేషన్ కోర్సు పూర్తి చేసి ఉండాలి. అసోసియేట్ ప్రొఫెసర్ దశకు పీహెచ్‌డీ తప్పనిసరి. ఆ కోర్సుల కోసం దూరం వెళ్లనక్కర్లేదు, ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనే కేంద్రం ఉంది. ఒకప్పుడు అకడమిక్ స్టాఫ్ కాలేజీ, తరువాత మానవ వనరుల అభివృద్ధి కేంద్రం, 2023 సెప్టెంబరులో అధ్యాపకుల శిక్షణ కోసం మాలవీయ మిషన్ మొదలైన తరువాత ఆ మిషన్ పేరు దానికి వచ్చింది. బోర్డు మారిన ప్రతిసారీ పాత పేరుతో ఉన్న ధ్రువపత్రం చెల్లుతుందా అని అడుగుతూనే ఉంటారు, చెల్లుతుంది.

ఈ నిబంధనల్లో ఎవరూ చదవని ఒక చిన్న గమనిక ఉంది. ప్రసూతి సెలవు, శిశు సంరక్షణ సెలవు, అధ్యయన సెలవు, వైద్య సెలవు, డిప్యుటేషన్ మీద గడిపిన కాలాన్ని గ్రేడింగ్ లెక్క నుంచి మినహాయించాలని అందులో స్పష్టంగా రాశారు. ప్రసూతి సెలవు తీసుకున్న ఏడాది తరగతులు తగ్గాయి కనుక ఆ సంవత్సరం పోయినట్టేనని ఊరుకున్న మహిళా లెక్చరర్లు ఎందరో. కళాశాలలోని అంతర్గత నాణ్యతా విభాగం వారే ఆ లెక్క తప్పుగా వేసి పంపిన ఫైళ్లు కూడా నా బల్ల మీదికి వచ్చాయి. అటువంటి ఫైలుకు ఆ గమనిక ప్రతిని జతచేసి తిరిగి పంపితే సరిపోతుంది, వాదన అక్కర్లేదు. మరో మాట: అర్హత వచ్చే తేదీకి మూడు నెలల ముందే దరఖాస్తు ఇవ్వవచ్చునని నిబంధనలోనే ఉంది. అర్హత తేదీ దాటిన రెండేళ్లకు దరఖాస్తు ఇచ్చి, అరియర్స్ ఎందుకు ఆలస్యమవుతున్నాయని ఆఫీసును అడగడం సబబు కాదు.

మిగిలిన యూజీసీ మార్పులు క్లుప్తంగా. 2023 జులై 1 నుంచి అసిస్టెంట్ ప్రొఫెసర్ నియామకానికి నెట్ లేదా సెట్ (రాష్ట్ర స్థాయి అర్హత పరీక్ష) కనీస అర్హత, పీహెచ్‌డీ ఐచ్ఛికం. పరిశోధన పత్రికల నాణ్యత కోసం 2018లో ఏర్పాటైన యూజీసీ కేర్ జాబితాను ఆపివేస్తున్నట్టు 2025 ఫిబ్రవరిలో ప్రకటించారు, మంచి పత్రికను గుర్తించే బాధ్యత ఇకపై సంస్థలదీ, అధ్యాపకులదీ. డబ్బు కడితే పది రోజుల్లో వ్యాసం అచ్చువేస్తామనే ఫోన్లు ఆ తరువాత తగ్గకపోగా పెరిగాయని మా లెక్చరర్లు చెబుతున్నారు.

సెలవుల దగ్గర బోధన, బోధనేతర సిబ్బంది మధ్య ఉండే తేడా కూడా చెప్పుకోవాలి. ఒకే భవనంలో, ఒకే ప్రిన్సిపాల్ కింద పనిచేసినా వీరి సెలవు ఖాతాలు వేరు. జూనియర్ అసిస్టెంట్‌కు ఏడాదికి 30 ఆర్జిత సెలవులు, జనవరి 1న 15, జులై 1న 15 చొప్పున ముందుగానే జమ అవుతాయి. నిల్వ పరిమితి 300 రోజులు. లెక్చరర్‌కు వేసవి సెలవులున్నాయి కనుక ఆరు నెలలకు మూడు చొప్పున ఏడాదికి ఆరే. వేసవిలో అడ్మిషన్లకో, పరీక్షలకో లెక్చరర్‌ను ఉంచేస్తే, ఆ మేరకు ఆర్జిత సెలవు జమ చేసుకునే వీలుంది. అయితే వెకేషన్ వాడుకోకుండా విధుల్లో ఉంచినట్టు అధికారి ఉత్తర్వు ఉండాలి. పని అయిపోయాక జులైలో వచ్చి “మే నెలంతా మేం వచ్చాం కదండీ” అంటే, హాజరు పట్టీ ఉన్నా ఉత్తర్వు లేక ఆ జమ ఆడిట్‌లో నిలవదు. మే మొదటి వారంలోనే ప్రిన్సిపాల్ గారి చేత ప్రొసీడింగ్స్ తీయించుకోండి. 2023 నుంచి మొదలైన ముఖ గుర్తింపు హాజరు కూడా ఇలాంటిదే. యాప్‌లో హాజరు, కాగితం మీద సెలవు పత్రం ఒకదానికొకటి బదులు కావు, వచ్చిన రోజుకు అదీ, రాని రోజుకు ఇదీ ఉండాలి. శిశు సంరక్షణ సెలవు 2022 మార్చి 8 నాటి ఉత్తర్వుతో 60 రోజుల నుంచి 180 రోజులకు పెరిగింది, ఒంటరి తండ్రులకూ వర్తించింది. ఇది సర్వీసు మొత్తానికి 180 అని, ఏటా కాదని మాత్రం గుర్తుంచుకోవాలి.

చివరిగా ప్రైవేటు కళాశాలల్లో పనిచేసేవారి గురించి. ఆనందపురం, సబ్బవరం, గాజువాక వైపున్న ఇంజనీరింగ్, డిగ్రీ కళాశాలల్లో మన ప్రభుత్వ కళాశాలల కంటె ఎక్కువమంది పనిచేస్తున్నారు. వారికి జీవోలు రావు, సంఘాలు అంతగా లేవు, చట్టం ఇచ్చిన హక్కుల గురించి చెప్పేవారూ తక్కువే. వాటిలో ముఖ్యమైనది గ్రాట్యుటీ, అంటే ఉద్యోగం వదిలేటప్పుడు సర్వీసును బట్టి యాజమాన్యం ఒకేసారి ఇచ్చే మొత్తం. ఉపాధ్యాయులు గ్రాట్యుటీ చట్టంలోని ‘ఉద్యోగి’ నిర్వచనంలోకి రారని 2004లో సుప్రీంకోర్టు చెప్పింది. దాన్ని సరిచేస్తూ పార్లమెంటు 2009లో చట్టాన్ని సవరించి, 1997 ఏప్రిల్ 3 నుంచే వర్తించేలా చేసింది. యాజమాన్యాలు ఆ సవరణను సవాలు చేయగా, 2022 ఆగస్టు 29న సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. పదిమంది, అంతకు మించి పనిచేసే విద్యాసంస్థలో ఐదేళ్లు నిరంతరం పనిచేసిన లెక్చరర్, అటెండర్, లాబ్ అసిస్టెంట్, డ్రైవర్ అందరూ అర్హులే. రాజీనామా చేసి వెళ్లినా వస్తుంది. మరణం, వైకల్యం సందర్భాల్లో ఐదేళ్ల షరతు లేదు.

లెక్క సులువే. చివరి నెల మూలవేతనం, కరువు భత్యం కలిపి 26తో భాగించి, 15తో గుణించి, సర్వీసు సంవత్సరాలతో గుణించాలి. నెలకు 26,000 రూపాయలతో పన్నెండేళ్లు పనిచేసినవారికి 1,80,000 రూపాయలు వస్తుంది. గరిష్ఠ పరిమితి 20 లక్షలు. ఏటా ఏప్రిల్‌లో తీసేసి జూన్‌లో మళ్లీ చేర్చుకున్నట్టు కాగితం రాసి నిరంతర సర్వీసు లేదనే యాజమాన్యాలున్నాయి. ఏడాదిలో 240 రోజులు, వారానికి ఆరు రోజుల కంటె తక్కువ నడిచే సంస్థ అయితే 190 రోజులు పనిచేస్తే ఆ ఏడాది నిరంతర సర్వీసు కిందే లెక్క. 2025 నవంబరు 21న నాలుగు కార్మిక సంహితలు అమల్లోకి రావడంతో పాత గ్రాట్యుటీ చట్టం స్థానంలో సామాజిక భద్రత సంహిత వచ్చింది. దాని ప్రకారం నిర్ణీత కాలానికి రాతపూర్వక ఒప్పందంపై పనిచేసేవారికి ఐదేళ్ల నిరీక్షణ లేదు, ఏడాది సర్వీసుతోనే ఆ దామాషాలో వస్తుంది. అలవెన్సులు మొత్తం జీతంలో సగానికి మించితే, ఆ మించిన భాగాన్ని వేతనం కిందే లెక్కించాలి. మూలవేతనాన్ని కావాలనే తక్కువగా చూపించే పద్ధతికి ఇది అడ్డుకట్ట.

గ్రాట్యుటీ చెల్లించవలసిన తేదీ నుంచి 30 రోజుల్లో ఇవ్వకపోతే వడ్డీతో ఇవ్వాలి, అప్పటికీ ఇవ్వకపోతే కార్మిక శాఖ అధికారికి దరఖాస్తు చేసుకోవచ్చు. అక్కడ అడిగేది సర్వీసు రుజువు. నియామక పత్రం ఇవ్వని కళాశాలలో పనిచేస్తున్నవారు జీతం బ్యాంకు ఖాతాలో పడేలా చూసుకుని, భవిష్యనిధి (పీఎఫ్) పాసుపుస్తకాన్ని ఏటా ఏప్రిల్‌లో దింపుకుని దాచుకోవాలి. అందులో చేరిన తేదీ, నెలనెలా జమ అయిన మొత్తం రెండూ ఉంటాయి. చేతికి నగదు ఇచ్చి వోచరు మీద సంతకం తీసుకునే చోట పనిచేస్తున్నవారు, ఆ వోచరును సంతకం చేసే ముందే ఫోనులో ఫొటో తీసి ఉంచుకోవాలి.